మీ దేశంలో దొరకని సీరియల్

నేను కొన్నాళ్లు సింగపూర్‌లో ఉన్నాను. సూర్యాపేటలో మా వీధి చివరి టీ బండి దగ్గర ఈ ముక్క చెబితే ఒక్కరూ నమ్మలేదు. కుళ్లుమోతులు అనుకున్నాను. అక్కడ పొద్దుగూకే వేళకు వాన తప్పదనీ, రోడ్డు మీద ఉమ్మితే పట్టుకుపోతారనీ వివరాలతో సహా చెప్పాను. టీ పోసేవాడు మాత్రం, "మరి నిన్న పొద్దుగాల గీడనే ఉప్మా తింటివి గద తాతా" అన్నాడు.

కాగితం మీద అబద్ధం ఎక్కువసేపు నిలవదు కాబట్టి నిజం రాస్తాను. నేను విజయవాడ దాటి ఎరగను. అదీ పుష్కరాలకు పోయి, జనాన్ని చూసి భయపడి, మునక్కుండానే తిరిగొచ్చాను. సింగపూర్‌లో ఉన్నది నా ఫోను. నా చొక్కా జేబులోనే ఉంటూ, తాను సింగపూర్‌లో ఉన్నానని లోకానికి చెప్పుకునేది. దానికి అంత అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఆపా గురించి చెప్పాలి.

మిర్యాలగూడలో బియ్యం మిల్లు గుమస్తాగా వయసంతా గడిపాను. పిల్లలు లేరు. భార్య పోయాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక, తెలిసినవాళ్లెవరూ పలకరించని ఊరైతే బాగుంటుందని సూర్యాపేట వచ్చి, ఒక ఇంటి వెనక గది కిరాయికి తీసుకున్నాను. కోరుకున్నట్టే ఎవరూ పలకరించలేదు. ఆ కోరిక ఎంత తెలివితక్కువదో తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇంటి యజమానురాలు భర్త పోయిన ముస్లిం ఆవిడ. నాకంటే వయసులో చిన్నదే అయినా వీధంతా ఆపా, అంటే అక్కా, అని పిలిస్తే నేనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను గుమస్తా సాబ్ అనేది. కూరగాయల బజారులో ఎదురైతే నా పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటూ, "గవి పుచ్చులు సాబ్, గిటు దిక్కువి తీస్కోండ్రి" అని మామూలుగానే మాట్లాడేది. ఇంటి దగ్గర మాత్రం గుమ్మానికి మందపాటి పరదా ఉండేది. పరదా లోపల ఆమె, బయట నేను. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొన్ని మర్యాదలు అడిగితే చెడిపోతాయి.

ఒక సాయంత్రం నేను వాకిట్లో నీళ్లు పట్టుకుంటుంటే లోపల టీవీలో ఎవరో ముసలాయన ఉర్దూలో తన అల్లుణ్ని తిడుతున్నాడు. తిట్టు బాగుంది. పగలబడి నవ్వాను. లోపలి నుంచి గొంతు వినిపించింది.

"సాబ్, మీకు సమజైతదా?"

"మిల్లు హమాలీల దగ్గర నేర్చిన ఉర్దూ ఆపా. తిట్లు మస్తు సమజైతయ్."

మర్నాడు అదే వేళకు అరుగు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ కనిపించింది. ఎవరి కోసమని అడగలేదు, కూర్చున్నాను. అలా మొదలైంది.

అది సరిహద్దు అవతలి దేశపు సీరియల్. ఒక పెద్ద కుటుంబం, ఆస్తి, అలకలు, పెళ్లిళ్లు. ఆపాకు చదువు రాదు. రిమోటు నోటి దగ్గర పెట్టుకుని సీరియల్ పేరు చెబితే ఇంటర్నెట్టులోంచి వచ్చేది. టీవీ మొహం లోపలికి, నా మొహం వీధికి. కాబట్టి ఆ సీరియల్‌ను నేను ఒక్క రోజు కూడా చూడలేదు, విన్నాను. మాటలున్నంతసేపు వినేవాణ్ని. మాటలాగి సంగీతం వస్తే ఏం జరుగుతోందో ఆపా చెప్పేది.

"అత్త మెట్లు దిగుతున్నది సాబ్. ఆమె మొకం సూస్తే పాలు ఇరిగిపోతయ్."

"చిన్న కోడలో?"

"చిన్నది సెల్లు సూస్తున్నది. అత్తనే సూస్తలేదు. దానికి ఉన్నది ఇయ్యాల."

కష్టమైన ఉర్దూ మాటలకు ఆపాకు నేనే అర్థాలు చెబుతానని టీ బండి దగ్గర ప్రచారం చేసుకున్నాను. నిజానికి నా మిల్లు ఉర్దూ బస్తాలు, లారీలు దాటేది కాదు. ప్రతి రెండో వాక్యానికీ నేనే "అంటే?" అని అడిగేవాణ్ని, ఆమే విడమరిచేది.

ఆ ఇంట్లో అందరికంటే నాకు నచ్చింది పెద్ద కోడలు. మొగుడు పోయిన మనిషి. ఒక్క మాట మాట్లాడదు కాబట్టి ఆమె గొంతు నేను ఎరగను. ఆమె గురించి తెలిసిందంతా ఆపా చెప్పిందే. హాల్లో ఎంత రభస జరుగుతున్నా, "పెద్ద కోడలు తలుపెనక నిలవడ్డది. అన్నీ ఇంటున్నది" అనేది. మామ చనిపోయినప్పుడు అందరూ గుండెలు బాదుకుంటుంటే పెద్ద కోడలు వంటింట్లో పొయ్యి కట్టేసి, మూత పెట్టి, అప్పుడు వచ్చి కూర్చుందట. ఆ మూత సంగతి విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆమె ఎందుకు మాట్లాడదు ఆపా?" అని ఒకసారి అడిగాను.

"మాట్లాడితే ఏమొస్తది సాబ్? ఇంటున్నది గద, సాలదా."

ఆపా చెల్లెలు మిర్యాలగూడలో ఉంటుంది. అప్పుడప్పుడు ఫోను చేసి, ఒక్కదానివి అక్కడేం చేస్తున్నావు, వచ్చి నా దగ్గరుండు అని పోరుపెట్టేది. స్పీకరు పెట్టి మాట్లాడే అలవాటు కాబట్టి నాకూ వినిపించేది. "సీరియల్ అయిపోనియ్, సూద్దాం" అని ఆపా నవ్వేసేది. సీరియల్ ఎప్పటికీ అయిపోకూడదని నేను వీధివైపు చూస్తూ కోరుకునేవాణ్ని. దాన్ని రాసేవాళ్లు ఎవరో గాని వాళ్ల చేతికి తీరిక దొరక్కూడదని దండం పెట్టుకున్న రోజులున్నాయి.

ఒక సాయంత్రం ఆపా రిమోటులో పేరు చెప్పింది. సంగీతం రాలేదు. మళ్లీ చెప్పింది, గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు. రాలేదు.

"సాబ్, నల్లగ అయింది. ఏందో రాసున్నది."

పరదా ఒక పక్కకు జరిగింది. గడప ఇవతలే నిలబడి తొంగి చూశాను. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఈ వీడియో మీ దేశంలో దొరకదు.

"అంటే? వాళ్లు తీసుడు బంద్ పెట్టిన్రా?"

"తీస్తున్నరు ఆపా. మనకు సూపిస్తలేరు."

రెండు దేశాల మధ్య గొడవ ముదిరి అక్కడి సీరియళ్లన్నీ ఇక్కడ బందయ్యాయని టీ బండి దగ్గర తెలిసింది. దేశం సంగతి దేశానిది, నాకు దానితో పేచీ లేదు. నా పేచీ ఆ తర్వాతి సాయంత్రంతో వచ్చింది. అలవాటు కొద్దీ వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. లోపల చప్పుడు లేదు. పరదా అవతల ఆమె ఉందని తెలుసు, ఇవతల నేనున్నానని ఆమెకూ తెలుసు. ఇద్దరికీ మాట దొరకలేదు. సీరియల్ ఉన్నప్పుడు అత్త గురించి ఎంతైనా మాట్లాడుకున్నాం. అది పోయాక, నీళ్లు వచ్చినయా అంటే వచ్చినయి అనడంతో అయిపోయింది.

అలా ఒకటి రెండు రోజులు కూర్చున్నాను. ఎదురింటి అరుగు మీద మిషను కుట్టుకునే టైలరు తల ఎత్తి, వీధికంతా వినపడేలా అన్నాడు.

"ఏం గుమస్తా తాతా, సీరియల్ బందైందంట గద. ఇగ పరదా సూస్తున్నవా?"

నేనూ తక్కువ తినలేదు. "నీ కుట్టుకంటే పరదా కుట్టు నయమున్నది, గందుకే సూస్తున్న" అన్నాను. వీధి నవ్వింది. పరదా వెనక మాత్రం నవ్వు వినిపించలేదు. మర్నాడు అరుగు మీద కుర్చీ లేదు. ఆపా దాన్ని లోపల పెట్టేసింది.

భర్త పోయిన ఆడమనిషి గుమ్మం ముందు భార్య పోయిన మగమనిషి రోజూ కూర్చోవాలంటే ఒక సాకు కావాలి. ఇన్నాళ్లూ నేను సీరియల్ కోసం కూర్చుంటున్నాననే అనుకున్నాను. కుర్చీ పోయాక, వెనక గదిలో మంచం మీద కూర్చుని ఎదురుగోడ చూస్తుంటే అసలు సంగతి తెలిసింది. రోజు మొత్తంలో నాతో ఒక మనిషి మాట్లాడేది ఆ కాసేపే. ఈలోపు చెల్లెలి ఫోన్లు పెరిగాయి. గోడకు చెవి పెట్టకుండానే వినిపించేది. "సీరియల్ అయిపోనియ్" అన్న జవాబు ఇప్పుడు ఆపా దగ్గర లేదు.

అందుకని సీరియల్‌ను తేవడానికి బయల్దేరాను.

మొదట బజారులో ఫోన్ల దుకాణం. కౌంటరులో ఉన్న అమ్మాయి నా ఫోనులో ఏదో యాప్ వేసింది. "గిది నొక్కితే నీ ఫోను సింగపూర్ల ఉన్నట్టు సూపిస్తది తాతా."

"మరి నేను?"

"నువ్వు గీడనే."

దుకాణంలో సీరియల్ బ్రహ్మాండంగా వచ్చింది. గదికొచ్చి పెడితే తెల్లటి చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతూనే ఉంది. నేను అన్నం వండుకున్నాను, తిన్నాను, గిన్నె కడిగాను. చక్రం అలాగే ఉంది. నా సింగపూర్ నివాసం అంతా ఆ చక్రం చూడటమే. వాన సంగతి ఫోను పైన కనిపించే వాతావరణం ముక్కలో చదివాను. ఉమ్మి సంగతి ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నది.

తర్వాత సొంత తెలివి వాడాను. ఆ దేశంలో గడియారం మనకంటే అరగంట వెనక అని ఆపానే ఒకసారి చెప్పింది. అయితే ఫోను గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పితే అది తాను అక్కడే ఉన్నాననుకుంటుంది కదా! తిప్పాను. ఎందుకైనా మంచిదని గోడ గడియారాన్ని కూడా తిప్పాను, ఫోను దాన్ని చూసి అనుమానపడకుండా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కొన్నాళ్లు ఊరు ఒక సమయంలో, నేను ఒక సమయంలో బతికాం. బ్యాంకుకు వెళితే భోజనాలకు లేచిపోయారు. గుడికి వెళితే ప్రసాదం అయిపోయింది. అరగంట ఆలస్యంగా వచ్చావేమని అడిగే మనిషి ఒక్కరూ లేకపోవడం మాత్రం అప్పుడే గమనించాను. సీరియల్ రాలేదు.

మిల్లులో నాతో లెక్కలు రాసినాయన కోదాడలో ఉంటాడు. విదేశీ క్రికెట్ మ్యాచులన్నీ ఏవో దొడ్డిదారుల్లో చూస్తాడని విన్నాను. ఆయన దగ్గరికి బయల్దేరితే, గడియారం సంగతి మరిచి బస్టాండుకు పోయేసరికి బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో చేరాను. సంగతి విని ఆయన పొట్ట పట్టుకున్నాడు.

"గడియారం తిప్పితే దేశం మారుద్దాండీ? అట్లాగైతే నేనెప్పుడో పెళ్లికి ముందుకి తిప్పుకునేవాణ్ణి."

లోపలి నుంచి వాళ్లావిడ, "ఇప్పుడు మాత్రం ఎవరు ఆపారంట? తిప్పుకోండి" అంది.

"అది టైము చూడదండీ. మనం ఏ దారిన వచ్చామో చూస్తది. దారి మార్చాలంతే." తాను వాడే మంచి యాప్‌నే నా ఫోనులోనూ పెట్టాడు. "సింగపూర్‌లో జనం ఎక్కువండి. మిమ్మల్ని లండన్ పంపిస్తున్నా. బయటెక్కడా వాగబాకండి." ఆ మాట ఒక్కటే నేను వినలేదు. సూర్యాపేటలో దిగగానే టీ బండి దగ్గర లండన్ చలి గురించి చెప్పాను.

మధ్యాహ్నం గదిలో తలుపు వేసుకుని సీరియల్ పెట్టాను. చక్రం లేదు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఇంతకాలం గొంతులుగా ఎరిగినవాళ్లను మొదటిసారి మనుషులుగా చూశాను. పాలు విరిచే అత్త సన్నగా, అందంగా ఉంది. ఆపా చెప్పిన వాకిలి, బావి, కోళ్లు ఎక్కడా లేవు. అది పట్నంలో అద్దాల ఇల్లు. సరే, ఆపా కూడా నా జాతే, కొంచెం పెంచి చెబుతుంది అని సంతోషపడ్డాను. తర్వాత పెద్ద కోడలి కోసం వెతికాను.

ఆ భాగంలో లేదు. పాత భాగాలు తిరగేశాను. మామ చనిపోయిన రోజు పెట్టి చూశాను. ఏడుపులు నేను విన్నవే. వంటింట్లో ఎవరూ లేరు. ఏ గిన్నె మీదా ఎవరూ మూత పెట్టలేదు. తలుపు వెనక ఎవరూ లేరు, ఆ ఇంట్లో వెనక నిలబడేటట్టు తలుపే లేదు. కుటుంబానికి ఇద్దరే కొడుకులు. పెద్దవాడికి అసలు పెళ్లే కాలేదు.

ఫోను పక్కన పెట్టాను. పరదా వెనక నిలబడి అన్నీ వినే మనిషి గురించి ఇన్నాళ్లూ రోజూ ఎవరు చెప్పారో, ఎవరి గురించి చెప్పారో అర్థం కావడానికి ఉర్దూ అక్కర్లేదు.

సాయంత్రం గుమ్మం ముందు నిలబడి దగ్గాను. "ఆపా, సీరియల్ తెచ్చిన."

లోపల గబగబా అడుగులు. మొదట కుర్చీ బయటికి వచ్చింది. తర్వాత, "యాడికెల్లి తెచ్చిన్రు సాబ్?"

"లండన్ కెల్లి."

"నీ మాటలు నీవి" అని నవ్వింది. నన్ను నువ్వు అన్నది ఆ ఒక్కసారే.

ఫోను బొమ్మను ఆమె టీవీకి ఎక్కించడం నాకు చేతకాలేదు. అందుకని ఫోనునే పరదా కింద నుంచి లోపలికి జరిపాను. మళ్లీ పాత పద్ధతే. తెర ఆమెకు, మాట నాకు. ఆ సాయంత్రం అత్త మెట్లు దిగింది, చిన్న కోడలు తిట్లు తింది, పెద్ద కోడలు తలుపు వెనక నిలబడి ముంజేతి గాజు తిప్పుకుంటూ విన్నది. గాజు కొత్తగా చేర్చింది ఆపా. అంత సంతోషంగా ఉన్న సాయంత్రం నాకు ఈ మధ్యకాలంలో లేదు. ఎదురింటి టైలరు కూడా తల దించుకుని కుట్టుకున్నాడు.

మర్నాడు ఫోను లోపలికి జరిపితే కాసేపటికే తిరిగి బయటికి వచ్చింది.

"చిన్న బొమ్మ సాబ్. కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్. ఇయ్యాల మీరు సూడుండ్రి, నేను ఇంటుంట."

చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. అత్త సోఫాలో ఉంది, పెద్ద కొడుకు కారు దిగాడు, చిన్న కోడలు కిటికీ దగ్గర ఏడుస్తోంది. మాటలాగి సంగీతం వచ్చింది. పరదా వెనక నుంచి గొంతు నెమ్మదిగా వచ్చింది.

"పెద్ద కోడలు ఏం జేస్తున్నది సాబ్?"

లేదంటే ఒక బాధ, ఉందంటే ఒక బాధ. ఎవరామె ఆపా అని అమాయకంగా అడిగినా సరిపోయేదేమో. కాని నా నాలుక సంగతి మీకు తెలుసు.

"తలుపెనక నిలవడ్డది ఆపా" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "ఇయ్యాల మాట్లాడుతున్నది."

లోపల ఆమె పరదాకు దగ్గరగా జరిగిన చప్పుడైంది.

"ఏమంటున్నది?"

"ఈడనే ఉంట, యాడికీ పోను అంటున్నది."

ఫోనులో ఎవరో ఎవరినో ఏదో అంటున్నారు. నేను వినలేదు. చివరికి ఆమె గొంతు వచ్చింది. కోపం లేదు, నవ్వు లేదు.

"ఆమె మాట్లాడదు సాబ్. ఆమె మాట్లాడితే కథ ఖరాబైతది."

తర్వాత, "బంద్ జేయుండ్రి. నమాజ్ యాళ్లైంది" అంది. నమాజు అయిపోయాకే సీరియల్ పెట్టుకుంటామని ఇద్దరికీ తెలుసు.

కొద్దిరోజులకే చెల్లెలి కొడుకు ఆటో తీసుకొచ్చాడు. టీవీని దుప్పట్లో చుట్టారు. ఆటో ఎక్కుతూ, "ఇల్లు జర సూస్తుండుండ్రి సాబ్, నల్లా బంద్ జేసుడు మర్వకుండ్రి" అంది. సరే ఆపా అన్నాను. పోయే ముందు ఆమె చెప్పిన మోకాళ్ల నొప్పుల వల్ల పోయిందో, చెల్లెలి పోరు పడలేక పోయిందో, నా మాట వల్ల పోయిందో నాకు తెలియదు. ఉతుక్కుందామనేమో పరదా కూడా విప్పి తీసుకెళ్లింది.

మొన్నీమధ్య నేను మిర్యాలగూడ వెళ్లాను. టైలరు అడుగుతాడని కోదాడ పోతున్నానని చెప్పి, నిజంగానే కోదాడ పోయి, అక్కడి నుంచి నేరేడుచర్ల మీదుగా ఇంకో బస్సులో మిర్యాలగూడ చేరాను. చెల్లెలి ఇల్లు వెతుక్కుంటూ పోతే ఆపానే ఎదురొచ్చింది. "అరే, గుమస్తా సాబ్!" అని ఇంటిల్లిపాదినీ పిలిచింది. హాల్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. సీరియల్లో తర్వాత ఏమైందో నేను చెబుతుంటే అందరూ చుట్టూ చేరి విన్నారు. బయల్దేరుతుంటే మళ్లీ ఎప్పుడు వస్తారు అని ఆమే అడిగింది.

ఇదంతా వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని అల్లుకున్నది. కోదాడ మీదుగా పోయింది నిజం, గల్లీ దాకా పోయింది నిజం. ఆ ఇంటికి ఇనుప గేటు ఉంది. లోపల పిల్లల చెప్పులు, రెండు స్కూటర్లు, కుక్కరు కూత. ఆపా గొంతు వినిపిస్తుందేమోనని నిలబడ్డాను. పక్కింటి ఆవిడ గిన్నెలు తోముకుంటూ నన్ను గమనించి లేచి వచ్చింది.

"ఎవలు గావాలె పెద్దాయనా?"

ఎవరని చెప్పను? ఏమవుతారంటే ఏమని చెప్పను?

"ఈ గల్లీల కిరాయికి ఇల్లేమన్న ఉన్నదా అమ్మా?" అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ అటూ ఇటూ చూసింది. "ఎంతమంది ఉంటరు?"

"ఒక్కణ్నే."

"ఒక్క మనిషికైతే ఇయ్యరు పెద్దాయనా ఈడ" అని మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.